పూజ నాటి పొగ

విశ్వకర్మ పూజ రోజున బరంపురంలో తిరిగే యంత్రం కనబడదు. గ్యారేజీల్లో రెంచీలు, సుత్తులు కడిగి వరసగా పేర్చి బొట్లు పెడతారు. పట్టు నేసే ఇళ్లలో మగ్గం చప్పుడు ఉండదు. ఆటోలు అరటి మొక్కలు కట్టుకుని ఇళ్ల ముందు నిలబడతాయి. మా పత్రికా కార్యాలయంలో కంప్యూటర్లకు కుంకుమ పెట్టేవాళ్లం. మా ఫొటోగ్రాఫరు తన కెమెరాకు గంధం రాసి బల్ల మీద పడుకోబెట్టి, ఆ రోజు ఫొటోలు సెల్‌ఫోనుతో తీసుకొచ్చేవాడు. "కెమెరాకి సెలవుంది గాని దాన్ని మోసేవోడికి లేదు," అని సణిగేవాడు.

పనిముట్టు దేవుడైన రోజున దానితో పని చేయించకూడదు. ఒడిశాలోని ఈ గంజాం జిల్లాలో తెలుగువాళ్లయినా, ఒడియావాళ్లయినా ఈ మాట కాదనరు. ఇది తెలియకపోతే నేను చెప్పబోయేది నమ్మశక్యంగా ఉండదు కాబట్టి ముందే చెబుతున్నాను.

నేను ఒక తెలుగు దినపత్రికకు బరంపురం విలేకరిగా పనిచేసి విరమించాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కలిసినప్పుడు తుపానుల గురించి చెప్పమంటారు. తుపాను గురించి రాయడం అంత కష్టం కాదు. అది వచ్చిందని అందరికీ తెలుసు. చెట్లు పడతాయి, స్తంభాలు వంగుతాయి, రాసేవాడికి కళ్లుంటే చాలు. కదలకుండా నిలిచిన గాలి గురించి రాయడమే కష్టం. నా ఉద్యోగంలో అలాంటి వార్త ఒక్కటే నన్ను వెంటాడింది. అది ఎప్పుడూ మొదటి పేజీకి ఎక్కలేదు.

గోసాని నువాగాంలో ఒక సందు పొడవునా మూరీ బట్టీలు ఉండేవి. మూరీలంటే మరమరాలే. ఆంధ్ర సరిహద్దు పల్లెల నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలవి. ఉప్పునీళ్లు పట్టించి వేయించిన ఉప్పుడు బియ్యాన్ని కాగిన ఇసుకలో పోసి పుల్లల కట్టతో తిప్పితే, రెప్పపాటులో గింజలు పొంగి తెల్లగా పైకి లేస్తాయి. జల్లెడ పడితే ఇసుక మూకుడులోకి, మూరీలు గంపలోకి. ఇసుక వేడి నిలవాలంటే మంట ఒకే తీరుగా మండాలి. అందుకని అడుగున రాక్షసి బొగ్గు, పైన ఊక, మంట తగ్గినప్పుడల్లా మార్కండి వైపు సముద్రపు ఒడ్డు తోటల నుంచి మోపులుగా వచ్చే ఎండు సరుగుడాకు వేసేవారు. పొద్దున్నే ఆ సందులోకి వెళితే అవతలి కొస కనబడేది కాదు. ఆ పొగలోనే పిల్లలు తలలు దువ్వుకుని బడికి వెళ్లేవారు. పట్టణంలో సగం మంది ఆ సందు మూరీలే తినేవారు, నాతో సహా.

సందు మొదట్లో ఉన్న బట్టీ ఒక యాభై ఏళ్ల ఆవిడది. అందరూ ఆవిడను అప్ప అనేవారు. మా వైపు అక్కని అలా పిలుస్తారు. మామగారు కట్టిన పొయ్యి, భర్త పోయాక తనే నడుపుతోంది. గుమ్మం పక్కన నులక మంచం మీద ఆవిడ అత్తగారు ఎప్పుడూ కూర్చునే ఉండేది. పడుకుంటే దగ్గు తెర వస్తుందని రాత్రిళ్లు కూడా గోడకి చేరబడి కూర్చునే నిద్రపోయేదట.

"పొగ ఇబ్బందిగా లేదా అప్పా?" అని ఒకసారి అడిగాను.

"పొగ నేకపోతేనే ఇబ్బంది బావు. పొగ రానేదంటే పొయ్యి ఎలగనట్టు గదా," అంది, చేతిలో పుల్లల కట్ట ఆపకుండా.

ఆ రోజుల్లో పట్టణంలో గాలి కొలిచే పనిని ఒక చిన్న ప్రైవేటు సంస్థకు అప్పగించారు. సందు చివర బట్టీల వాళ్ల సంఘం భవనం మేడ మీద వాళ్ల మిషన్ ఒకటి పెట్టారు. దాన్ని చూసుకునే కుర్రవాడిది కొడల అనే ఊరు. ఇంటి మాట ఒడియా, బరంపురంలో చదువుకునేటప్పుడు తెలుగు పట్టుబడింది. నన్ను 'భాయినా' అనేవాడు, అన్నయ్యా అని. మిషన్ని రోజూ తన సొంత తువ్వాలుతో తుడిచేవాడు. "ఇంత జాగ్రత్తగా మా ఆవిడని చూసుకుంటే ఈపాటికి నాకు గుడి కట్టేది భాయినా," అని నవ్వేవాడు.

ఆ మిషన్ చేసే పని చెప్పడం సులువే. అది ఒక పగలూ ఒక రాత్రీ గాలి పీలుస్తుంది. లోపల గుండ్రటి తెల్ల కాగితం ఉంటుంది. పెద్ద ధూళి దారిలోనే ఆగిపోతుంది. తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నమైన నలుసులు మాత్రం కాగితం మీద దిగుతాయి. బొగ్గు కాలినా, ఊక కాలినా, ఆకు కాలినా పుట్టేవి అవే. వాటిని ముక్కు ఆపలేదు. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళతాయి. కాగితాన్ని ముందొకసారి, తర్వాతొకసారి తూచి తేడా చూస్తారు. ఆ నలుసులు ఎవరి పొయ్యి నుంచి వచ్చాయో కాగితం చెప్పదు. ఎన్ని వచ్చాయో చెబుతుంది, అంతే.

ఆ ఏడు విశ్వకర్మ పూజ సరిగ్గా మిషన్ నడవాల్సిన రోజున పడింది. దాన్ని ఆపే హక్కు కుర్రవాడికి లేదు. ఆపితే సంస్థ ఊరుకోదు. పూజ మానేసే ధైర్యం కూడా లేదు. వాళ్లమ్మ కొడల నుంచి తెల్లవారకముందే ఫోన్ చేసింది, నీకు అన్నం పెట్టే యంత్రానికి ధూపం వేశావా అని. అతను రెండూ చేశాడు. మిషన్ నడుస్తూనే ఉంది, పూజ జరుగుతూనే ఉంది.

మేడ మీద ఆ పూజకు నేనూ వెళ్లాను. మా ఫొటోగ్రాఫరూ వచ్చాడు. గాలి కొలతల పని చూసే ప్రభుత్వ ఆఫీసరు గారు కూడా మర్యాదకి వచ్చారు. ఆయన ఒడియా మనిషి, విరమణకు దగ్గర పడ్డారు, మెత్తగా మాట్లాడతారు. మిషన్‌కి బంతిపూల దండ వేశారు. గాలి పీల్చే మూతి కిందనే ధూపం పాత్ర పెట్టారు. కొబ్బరి పీచు, గుగ్గిలం, పైన ఇంత నెయ్యి. ఆ పాత్రలోకి నిప్పులు అప్పే ఇచ్చింది. పూజ రోజు కాబట్టి బట్టీ వెలిగించలేదు గాని, ముందు రాత్రి మంట తాలూకు నిప్పులు నివురు కింద ఇంకా ఉన్నాయి. వాటిని చిప్పలో పోసుకుని తనే మెట్లెక్కి తెచ్చింది.

"నీ మిషన్‌కి మా పొయ్యి నిప్పే కావలిసొచ్చింది సూడు," అని నవ్వింది.

"మన సందు దేవుడు కదా అప్పా," అన్నాడు కుర్రవాడు.

పంతులు మంత్రం కన్నా మిషన్ రొదే గట్టిగా వినబడింది. ఆఫీసరు గారు ధూపం పాత్ర రెండు చేతులతో పట్టుకుని మిషన్ చుట్టూ తిప్పారు. "మిషన్ గారూ, కొంచెం ఇటు చూడండి," అంటూ మా ఫొటోగ్రాఫరు ఫోను ఎత్తాడు. బూందీ, మూరీలు ప్రసాదం పెట్టారు. సందులోని వాళ్లు ఒక్కొక్కరే వచ్చి దణ్ణం పెట్టుకుని వెళుతుంటే, ధూపం ఆరిపోకుండా కుర్రవాడు మధ్యాహ్నం దాకా గుగ్గిలం వేస్తూనే ఉన్నాడు. అక్కడున్న వాళ్లలో చదువుకున్నవాళ్లం నలుగురం ఉన్నాం. ఒక్కరికీ ఏమీ తోచలేదు. దేవుడి ముందు పొగ ఉంటే అది పొగ అని మనకు అనిపించదు.

దసరా వెళ్లాక సందులో గోడలకు నోటీసులు అంటించారు. మూరీ బట్టీల వల్ల గాలిలో సన్నని నలుసులు పరిమితికి ఎన్నో రెట్లు మించాయని, వాటిని ఎందుకు మూసేయకూడదో వచ్చి చెప్పుకోవాలని. నేను వార్త రాయడానికి వెళ్లేసరికి సందు జనమంతా అప్ప గుమ్మం ముందు ఉన్నారు. అప్ప మరిది పక్క బట్టీ ఆసామీ, ఆ సందు సంఘానికి పెద్ద. నోటీసు ఒడియాలో ఉంటే తెలుగులో చదివి చెబుతున్నాడు.

"ఏ రోజు కొలిసినారంట?" అడిగింది అప్ప.

అతను తేదీ చదివాడు.

అప్ప వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "ఒలమ్మా, అది విస్వకర్మ పూజ గదా! ఆ రోజు మనం పొయ్యి ఎక్కడ ఎలిగించినాం?"

"ఒదినా, నువ్వు సెప్పీది ఆలు నమ్ముతారేటి?"

"నమ్మకపోతే పోనీ. ఒండని కూడుకి మాడు వాసనెలాగొస్తాది?" అంటూ నా వైపు తిరిగింది. "బావు, నువ్వూ ఉన్నావు గదా ఆ రోజు. మేడ మీద బూందీ తిన్నావు."

నేను తలూపాను. తల ఊపుతుండగానే మంత్రం కన్నా గట్టిగా వినబడిన మిషన్ రొద నా చెవిలో మళ్లీ వినబడింది. నా మొహం చూసి అప్పకీ తట్టింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నిప్పులు నానే ఇచ్చినాను," అంది నెమ్మదిగా.

తిరిగి వస్తుంటే ఫొటోగ్రాఫరు స్కూటరు ఆపేశాడు. అతనిది దూకుడు స్వభావం. "మాస్టారూ, ఇది రేపు రాసేయాలి. గాలి కొలిచే మిషన్‌కి ధూపం వేసిన ఘనులు అని. నా దగ్గర ఫొటో ఉంది. ఆఫీసరు గారి చేతిలో పాత్ర కూడా పడింది."

"ముందు ఆ కుర్రాణ్ణి అడుగుదాం," అన్నాను.

"అడిగితే వార్త చల్లారిపోతుంది."

"చల్లారిపోయే వార్తయితే పోనీలే."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు వార్తని గుడి ముందు చెప్పుల్లా కాపలా కాస్తారు మాస్టారూ. ఎవరైనా ఎత్తుకుపోయాక తెలుస్తుంది," అన్నాడు. తిట్టాడు గాని ఆ ఫొటో మాత్రం నన్ను అడగకుండా ఎవరికీ పంపలేదు. అతని గురించి ఎవరేం చెప్పినా నేను ఈ మాట చెబుతాను.

కుర్రవాడు మేడ మీదే దొరికాడు. నేను అడగకముందే అతనికి అర్థమైంది.

"కాగితం తీసినప్పుడే రంగు చూసి అనుమానపడ్డాను భాయినా. నల్లగా కాదు, జిడ్డుగా, గోధుమ రంగులో ఉంది. లాబ్ వాళ్లు ఏదో తేడా అని పక్కన పెడతారనుకున్నాను. పెట్టలేదు."

"ఆఫీసరు గారికి చెప్పు."

"ఎలా చెప్పను? పాత్ర ఆయన చేతిలో ఉంది కదా. నేను ఒప్పుకుంటే ఆయన పరువు పోతుంది. ఒప్పుకోకపోతే వీళ్ల పొయ్యిలు పోతాయి. నా ఉద్యోగం ఎలా చూసినా పోతుంది." కాసేపు మిషన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి భాయినా."

విచారణ జరిగేదాకా నేను రాయనని, అక్కడ అతను చెప్పకపోతే మాత్రం మర్నాడు రాస్తానని చెప్పాను. అది బెదిరింపో, సాయమో నాకే తెలియలేదు. అతనికి మాత్రం ఊరటగా అనిపించినట్టుంది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "రాయాల్సి వస్తే మా అమ్మ గురించి రాయకండి, ఆవిడ తప్పు లేదు," అన్నాడు.

విచారణ రోజున ఆఫీసరు గారి గది చాలక వరండాలో బెంచీలు వేశారు. బట్టీల వాళ్లంతా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్ల చీరల నుంచి కూడా ఊక పొగ వాసన వస్తోంది, ఆ వాసన ఎన్ని ఉతుకులకీ పోదు. ఆఫీసరు గారు మా కోసం తెలుగులోనే మాట్లాడారు.

"మీ బాధ నాకు తెలుసు. కాని మిషన్‌కి మీ మీద పగ లేదు కదా."

అప్ప లేచింది. "పగ నేదు సార్. ఆ రోజు మా పొయ్యీ నేదు."

"అంటే?"

"విస్వకర్మ పూజ నాడు పనిముట్టు ముడతామేటి? సందులో ఒక్క బట్టీ ఎలిగిందేమో ఎవర్నైనా అడగండి."

"అందరూ ఇలాగే చెబుతారమ్మా," అన్నారు ఆయన విసుగు లేకుండా.

గోడవారగా నిలబడ్డ కుర్రవాడు ముందుకు వచ్చాడు. ఒడియాలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి మారాడు, బట్టీల వాళ్లకు కూడా వినబడాలనుకున్నాడు కాబోలు. "ఆవిడ చెప్పింది నిజం సార్. ఆ రోజు పొగ వాళ్లది కాదు, నాది. మిషన్ నడుస్తుండగా మూతి కిందనే ధూపం పెట్టాను. మధ్యాహ్నం దాకా గుగ్గిలం వేస్తూనే ఉన్నాను. తెలిసి కూడా ఇన్నాళ్లు చెప్పలేదు."

పాత్ర ఎవరు పట్టుకున్నారో అతను చెప్పలేదు. మా ఫొటోగ్రాఫరు జేబులో ఫోను మీద చెయ్యి వేశాడు, నేను అతని మోచెయ్యి పట్టుకున్నాను.

ఆఫీసరు గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "నీ ఒక్కడిదే ఎలా అవుతుంది," అన్నారు చివరికి. "ధూపం నేనూ పట్టాను. వీళ్లంతా చూశారు." అని, గుమాస్తాను పిలిచి ఆ రోజు లెక్క చెల్లదని అందరి ముందూ రాయించారు. పరువు కోసం పెద్దవాళ్లు చేసే పనులు నా ఉద్యోగంలో చాలా చూశాను. పరువు పక్కన పెట్టి చేసిన పని చూసింది ఆ రోజే. కొత్తగా వచ్చే విలేకరులకు ఒకటి చెబుతుంటాను. తప్పు ఎవరిదో కనిపెట్టడం మన పనే. అయితే ఆ తప్పు చేసినవాడు తనే నోరు విప్పేంత వ్యవధి ఇస్తే, ఒక్కోసారి మనం రాయగలిగిన దానికన్నా మంచి వార్త వస్తుంది. ఒక్కోసారి అసలు వార్తే రాదు. ఆ నష్టం భరించాలి.

ఆ ఒక్క రోజు లెక్క తీసేస్తే మిగిలిన రోజులవి అటూ ఇటూగా ఉన్నాయి. అందుకని మళ్లీ కొలుస్తామన్నారు. ఏ రోజు కొలిచేదీ దాచకుండా అక్కడే చెప్పారు. సంస్థ వాళ్లకు సంగతి తెలిసి, ఈ కొలత అయ్యాక ఇక రావద్దని కుర్రవాడికి చెప్పేశారు. అతను ఇప్పుడు కొడల రోడ్డు మీద ఒక పాత వ్యానులో బళ్లకు పొగ పరీక్ష చేస్తున్నాడు. విశ్వకర్మ పూజ నాడు వ్యాను తాళం వేసి, మిషన్ వైరు పీకేశాకే అగరొత్తి వెలిగిస్తానని, అది కూడా వీధి అవతల గుచ్చుతానని నాకు ఫోన్లో చెప్పాడు.

కొలత ముందు రోజు సాయంత్రం సందులో పెద్ద రగడ అయింది. కొలిచే రోజు తెలుసు కాబట్టి ఆ రోజు పొయ్యిలు వెలిగించకుండా ఉంటే చాలునని అప్ప మరిది తేల్చేశాడు. "ఒక్క రోజు బేరం పోతాది, అంతే గదా. కావాలంటే రేపటి సరుకు ఈ రాత్రే ఏయించీసుకోండి. మిసన్ ఉత్త గాలే పీల్చుకుంటాది, కాయితం తెల్లగా వస్తాది, మన పొయ్యిలు మనకుంటాయి."

అందరూ సరేనన్నారు. అప్ప మాత్రం మూకుడులో ఇసుక జల్లిస్తూ, "నాను ఎలిగిస్తాను," అంది.

"ఏటి?"

"రోజూ ఎలిగించినట్టే ఎలిగిస్తాను."

"ఒదినా, నీకేటైనా పట్టిందేటి? నీకు కూడు పెట్టీదే ఆ పొయ్యి!"

"ఆ కొడల గుంటడికి కూడు పెట్టీదేదిరా? మిసనే గదా. నిజం సెప్పి దాన్నొగ్గీసుకున్నాడు. మనకోసమే సెప్పినాడు. రేపు ఆడు మేడ మీద కూకుని కిందకి సూస్తే, మనం పొయ్యిలు ఆరుపుకుని తలుపులేసుకుని కూకోవాలా? ఆడి మొకం ఎలా సూస్తాం?"

"ఊరందరి సత్తెం నువ్వొక్కదానివే మోస్తావేటి?"

"సత్తెం కాదురా మరిదీ." అప్ప చెయ్యి ఆపి మంచం వైపు చూపించింది. ముసలావిడ గోడకి చేరబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు ఆపుకుంటూ వింటోంది. "అదుగో, మీ అమ్మ. ఎన్నేళ్లయింది ఒళ్లు వాల్చి పడుకుని? పిల్లలకి రాకండా ఉంటాదా? ఎంత మింగుతున్నామో ఒక్కపాలి కొలవనీ."

అతను అమ్మ వైపు చూడలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న నేను సంఘం భవనం మేడ ఎక్కాను. కుర్రవాడు మిషన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని మీద కాపలాకి ఆఫీసు నుంచి ఇంకో మనిషిని కూడా పంపారు. ఆ రోజు మేడ మీద అగ్గిపుల్ల గీయనివ్వలేదు. మా ఫొటోగ్రాఫరు సిగరెట్టు పెట్టె బయటికి తీస్తే కుర్రవాడు మెట్ల దాకా తరిమాడు.

కింద సందులో ముందు ఒక్క అప్ప బట్టీ నుంచే పొగ లేచింది. మిగతా ఇళ్ల తలుపులు వేసే ఉన్నాయి. కొంతసేపటికి మధ్యలో ఒక ఇంటి నుంచి, ఆ తర్వాత దాని ఎదుటింటి నుంచి. మరిది ఎండ నెత్తికెక్కేదాకా గుమ్మంలో కూర్చున్నాడు. ఆ తర్వాత అతని బట్టీ కూడా రాజుకుంది. "అందరి పొయ్యిలూ ఎలిగి నాదొక్కటే ఆరుంటే రేపు నా మూరీ ఎవడు కొంటాడు?" అని అరుస్తుంటే పైకి వినబడింది. కుర్రవాడు నవ్వాడు. నవ్వి తల దించుకున్నాడు. సరుగుడాకు పొగ గాలి లేక అలా నిలువుగా లేచి, మేడ దగ్గరికి వచ్చి పరుచుకుంది. నాకు కళ్లు మండాయి. మిషన్ తన పాటికి తను పీలుస్తూనే ఉంది.

కాగితం తూకం వచ్చేసరికి చలి మొదలైంది. మళ్లీ అదే వరండా, అవే బెంచీలు. కుర్రవాడు అప్పటికే ఉద్యోగంలో లేడు, అయినా కొడల నుంచి బస్సెక్కి వచ్చాడు.

ఆఫీసరు గారు కాగితం చూసి చదవలేదు. కళ్లజోడు తీసేసి చెప్పారు. "పూజ నాడు వచ్చినంత లేదు. కాని ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ ఉంది."

ఎవరో ఆడమనిషి నిట్టూర్చింది. అప్ప మాత్రం కుర్రవాడి వైపు తిరిగింది.

"బావు, ఈపాలి దూపం ఎయ్యనేదు గదా?"

"లేదు అప్పా."

"పక్కనెక్కడా సెత్త కాల్సినోల్లు నేరు గదా?"

"లేరు. రాత్రంతా చూస్తూనే ఉన్నాను."

"ఐతే ఇది మాదే," అంది అప్ప.

మరిది బెంచీ మీద నుంచి చివాల్న లేచాడు. "ఇప్పుడు సుకంగా ఉన్నాదేటి ఒదినా? నీ నోటితో నువ్వే సెప్పీసినావు!"

"సుకమెక్కడిదిరా. కూకో."

అతను కూర్చున్నాడు. ఆఫీసరు గారు చెప్పవలసింది చెప్పారు. సందులో బట్టీలు ఉండటానికి వీల్లేదు. ఊరి బయట స్థలం చూపిస్తారు, అక్కడ పొడుగు గొట్టంతో కట్టుకోవచ్చు, ఊక మాత్రమే వాడాలి, బొగ్గు వద్దు. మాట ఇస్తున్నట్టే చెప్పారు. ఆయన విరమించేలోపు ఆ స్థలం కాగితాలు కదిలాయి కూడా. కొందరు అక్కడికి వెళ్లారు, కొందరు ఆ పని మానేశారు. అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం అందరి చెవుల్లో పడింది చివరి మాటే: "ఎల్లుండి మనుషులు వస్తారు. నీళ్లు పోసి ఆర్పి, సీలు వేస్తారు."

అప్ప మళ్లీ లేచి నిలబడింది.

"నీల్లు పొయ్యించకండి సార్. ఏడి మట్టి మీద నీల్లు పడితే పొయ్యి పగిలిపోతాది. మా మామ సేత్తో కట్టింది. ఊక ఎయ్యడం మానేస్తే దానంతటదే ఆరతాది. మేమే ఆరుపుకుంటాం."

ఆఫీసరు గారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా కలం ఆపాడు. "అలాగేనమ్మా," అన్నారు ఆయన.

ఆ సాయంత్రం నేను వార్త పంపి, సందుకి వెళ్లాను. అప్ప పొయ్యి ముందు ఊక గంప పక్కకి జరిపి ఊరికే కూర్చుంది. చేతులకి పని లేక ఒళ్లో పెట్టుకుంది. లోపల ఎర్రదనం మెల్లగా లోనికి తగ్గుతోంది. కుర్రవాడు ఆఖరి బస్సు ఉందంటూనే గుమ్మంలో కూర్చుండిపోయాడు. ముసలావిడ, "ఇయాల పొగ నేదేటే?" అని కోడల్ని అడిగింది.

"నేదు అత్తా. పడుకో," అంది అప్ప.